నలభై అడుగుల గుడ్డ

1976 మే 10, సోమవారం

మేనేజరు పెట్టిగ్రూ గారు ఈరోజు తనే నా బట్టల గదికి దిగొచ్చారు. నాలుగేళ్ళలో ఇది రెండోసారి. మొదటిసారి బాంబు పెట్టామని ఫోనొస్తే, దారి తప్పి వచ్చారు.

"మిస్ డెవెన్నీ, సెప్టెంబరుకి మన డఫరిన్ హోటల్‌కి డెబ్బై అయిదేళ్ళు నిండుతాయి. చిన్న పుస్తకం వేస్తున్నాం. హోటల్ చరిత్ర మీరు రాయాలి. రెండు పేజీలు చాలు."

"నేనా? నేను దుప్పట్లు మడిచేదాన్నండీ."

"ఇక్కడ అందరికంటే పాతవాళ్ళు మీరూ, హెడ్ పోర్టర్ హెక్టర్ గిల్పినూ. హెక్టర్‌ని అడిగాను. తలుపులు తియ్యడం వచ్చుగానీ రాయడం రాదన్నాడు."

అబద్ధం. ఆయన చేతిరాత నా చేతిరాత కంటే బాగుంటుంది. ఎలా తెలుసంటే, తెలుసు.

సరేనన్నాను. కాన్వెంటు సిస్టర్లు హైస్కూలు దాకా చదివించారు కాబట్టి రాయగలను. ధైర్యం మరియతల్లి ఇవ్వాలి.

మే 11, మంగళవారం

"డఫరిన్ హోటల్‌ను 1901లో బెల్‌ఫాస్ట్ నగరం నడిబొడ్డున కట్టారు."

ఇంతవరకూ రాశాను. తర్వాత టీ తాగాను.

మే 12, బుధవారం

ప్రభువులూ, మంత్రులూ ఎవరెప్పుడొచ్చారో నాకేం తెలుసు. నాకు తెలిసిన చరిత్రంతా ఒక గుడ్డ మీద ఉంది.

ప్రారంభోత్సవానికి నేయించిన టేబుల్ గుడ్డ అది. మంచి నార. పొడవు నలభై అడుగులు. వెలుతురుకి పెడితే తెలుపులో తెలుపుగా అవిసె పూలు కనిపిస్తాయి. దాని మీద నా చేతి రఫ్ఫులు పంతొమ్మిదున్నాయి. నాకంటే ముందువాళ్ళవి ఎనిమిది. ఫలానా పెద్దమనిషి చుట్ట కాలిన చోటు, 1912. బయట కాల్పులవుతుంటే బల్ల కిందికి దూరిన పెళ్ళికూతురి అన్నగారి చెప్పు మేకు, 1921. జర్మన్ విమానాలు వచ్చినప్పుడు పైకప్పు కారి, తడిలో పాడైన అంచు, 1941. నేను ఆ మరుసటి ఏడు చేరాను, పదహారేళ్ళప్పుడు. అమెరికా సైనికుల బూట్లూ, సిగరెట్లూ అన్నీ నా లెక్కలోవే.

ఆ గుడ్డకో మర్యాద ఉంది. విందయ్యాక, పళ్ళేలూ గ్లాసులూ తీసేశాక, "దయచేసి లేవండి, గుడ్డ ఎత్తుతున్నాం" అని మాలో ఒకరు పలకాలి. బిషపు గారైనా సరే లేవాలి. లేచి తమ ముందున్న అంచుని రెండు చేతులా పట్టుకుని నడుం దాకా ఎత్తాలి. అటువాళ్ళూ ఇటువాళ్ళూ సమానంగా ఎత్తితే రొట్టె పొడీ, రాలిన పూరేకులూ మధ్యకి జారతాయి. ఒక వైపే ఎత్తితే చెత్తంతా కూర్చున్నవాళ్ళ ఒళ్ళో పడుతుంది. అప్పుడు ఆ చివరా ఈ చివరా ఇద్దరం అందుకుని తీసుకుపోతాం. మొదటి హౌస్‌కీపరు మిసెస్ ట్వీడీ పెట్టిన పద్ధతి. ఈడిస్తే పోగు తెగుతుందని ఆవిడ భయం.

చివరిసారి ఎత్తింది 1968లో. తర్వాత ఊళ్ళో కతోలికులకీ ప్రొటెస్టెంట్లకీ గొడవలు మొదలయ్యాయి. అంతమంది ఒకే బల్ల దగ్గర కూర్చోవడం మానేశారు.

మే 14, శుక్రవారం

చేప వేయిస్తుంటే మజెల్లా వచ్చింది.

"పెద్దమ్మా, కూర్చో."

"చేప మాడుతుంది."

"మాడనీ. నేను పెళ్ళి చేసుకుంటున్నా."

"దేవుడికి స్తోత్రం! ఎవర్ని?"

"మెర్విన్‌ని."

అది ప్రొటెస్టెంట్ల పేరు. మా కతోలికుల పేటలో మెర్విన్ అని పిల్లికైనా పెట్టరు.

"ఏ మెర్విన్?"

"మెర్విన్ గిల్పిన్. మీ హెక్టర్ గారి అబ్బాయి."

చేప మాడింది.

"ఏ గుళ్ళో?" అన్నాను.

"ఏ గుళ్ళోనూ కాదు. రిజిస్ట్రారు ఆఫీసులో. మన గుడైతే వాళ్ళు రారు, వాళ్ళ గుడైతే మనవాళ్ళు రారు. భోజనం డఫరిన్‌లో. అది రెండు పేటల మధ్య గోడకి ఇటూ లేదు, అటూ లేదు. జూన్ ఇరవై ఆరు, శనివారం."

"ఫాదర్ దీవెన లేని పెళ్ళికి నేను రాను."

మెల్లగానే అన్నాను. నేనేదైనా మెల్లగానే అంటాను. చెల్లెలు ఊనా పోయినప్పుడు మజెల్లాకి నాలుగేళ్ళు. దాని నాన్న ఇంగ్లండు వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఇరవయ్యేళ్ళు పెంచాను కాబట్టి దానికి తెలుసు, నేను మెల్లగా అన్నదాన్ని తిప్పడం కష్టమని.

మాడిన చేప ఇద్దరం తిన్నాం.

మే 15, శనివారం

మూడో అంతస్తు పరదాలు ఉతికించాను. ఇంకేం లేదు.

మే 17, సోమవారం

లిఫ్టులో హెక్టర్ గిల్పిన్ గారూ నేనూ. ఆయన బంగారు గుండీల కోటు, నా చేతిలో తువ్వాళ్ళు.

"వాన వచ్చేట్టుంది, మిస్ డెవెన్నీ."

"వచ్చేట్టే ఉంది, మిస్టర్ గిల్పిన్."

ఆకాశంలో మబ్బు తునక లేదు. ముప్ఫై రెండేళ్ళుగా మేం వాన గురించే మాట్లాడుకుంటున్నాం. ఆయన భార్య ఐరిస్ పోయినప్పుడు కూడా, "వాన బాగా పడింది" అన్నారు. "అవునండీ, చాలా పడింది" అన్నాను.

రెండో అంతస్తు దాటాక "మీ అమ్మాయి" అని ఆయనా, "మీ అబ్బాయి" అని నేనూ ఒక్కసారే మొదలుపెట్టి ఒక్కసారే ఆగాం.

"నేను వెళ్ళడం లేదండీ" అన్నారు ఆయన. "కతోలిక్ కోడలంటే మా ఆరెంజ్ సంఘంలో ఊరుకోరు. మా అన్నయ్య విల్బర్ట్ అయితే పేరు కొట్టేయిస్తానంటున్నాడు."

"నాకూ వీలవదు. దేవుడి ముందు జరగని పెళ్ళి."

"అయితే మనిద్దరం ఒక మాట మీద ఉన్నామన్నమాట. ఇదే మొదటిసారి."

నవ్వొచ్చింది. నవ్వలేదు. నవ్వానేమో.

మే 22, శనివారం

గుళ్ళో పాపాలు చెప్పుకోడానికి, పాపసంకీర్తనానికి వెళ్ళాను. కొత్తగా వచ్చిన ఫాదర్ కీర్నన్ గారు విని, "వెళ్ళమ్మా, పిల్ల సంతోషపడుతుంది. దీవెన సంగతి తర్వాత నేను చూస్తాగా" అన్నారు.

ఆయనకి ముప్ఫై కూడా నిండలేదు. అనుభవం వచ్చాక ఇంకోలా చెబుతారు.

మే 27, గురువారం

పక్క వీధిలో బాంబు పేలింది. దేవుడి దయ, ఎవరికీ ఏం కాలేదు. భోజనాల హాలు కిటికీలు తొమ్మిది పోయాయి. అద్దాలాయన వచ్చి, "ఇంక ఈ హోటల్లో మంచం ఇప్పించండి, రోజూ వచ్చిపోయే శ్రమ తప్పుతుంది" అన్నాడు.

ఫోను మోగగానే అందరం వెనక సందులోకి వెళ్ళాలి కదా. వంటాయన తన కత్తులు తెచ్చుకుంటాడు. నేను నలభై అడుగుల గుడ్డని, ఎవరో వదిలేసి వెళ్ళిన చంటిపిల్లల తోపుడు బండిలో పెట్టుకుని తెస్తాను. కొత్త కాపలావాడు ఆపి, "పాపకి ఎన్ని నెలలు?" అని అడిగాడు.

"డెబ్బై అయిదేళ్ళు" అన్నారు హెక్టర్ గారు. "నిద్రపోతోంది, లేపకు."

సాయంత్రం దాకా దుప్పట్లన్నీ నల్ల గుడ్డ మీద దులిపాం. నల్లదాని మీదైతే గాజుపెంకు మెరుస్తుంది. అమ్మాయిలు పాటలు పాడుతూ దులుపుతారు. ఇటువాళ్ళు ఒకటి, అటువాళ్ళు ఒకటి, వరసగా.

జూన్ 2, బుధవారం

మేనేజరుగారు చరిత్ర ఎంతవరకూ వచ్చిందని అడిగారు. ఈ పేరా రాశాను. బాగానే ఉందనుకుంటాను.

"నేను మొదట కోట్ల గదిలో చేరాను. ఆ రోజుల్లో ప్రతి నాట్యం చివరా వాద్యాలవాళ్ళు రాజుగారి పాట, అంటే బ్రిటిష్ జాతీయగీతం, వాయించేవారు. ఇప్పుడు రాణిగారి పాట. బాణీ ఒకటే. ప్రొటెస్టెంట్లు నిలబడతారు. మా కతోలికులకి అది మింగుడుపడదు. అందుకని డఫరిన్‌లో ఒక ఏర్పాటు ఉండేది. పాటకి అయిదు నిమిషాల ముందు హెడ్ పోర్టర్ గడియారం చూసుకుని దగ్గేవాడు. నేను కోట్ల గది తెరిచేదాన్ని. మావాళ్ళు ఒక్కొక్కరే కోటు కోసమని లేచి వచ్చేవారు. పాట మొదలయ్యేసరికి హాల్లో నిలబడేవాళ్ళే మిగిలేవారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. ఇది ఎక్కడా రాసిలేదు. ముప్ఫై ఏళ్ళు నడిచింది."

తర్వాత్తర్వాత దగ్గింది హెక్టర్ గారే. కింది పోర్టరుగా ఉన్నప్పుడే ఆ దగ్గు నేర్చుకున్నారు.

గుడ్డ సంగతి కూడా రాశాను. ఆగ్నేయపు మూల రఫ్ఫు దగ్గరికొచ్చి, "1944లో మడుస్తుండగా గోడ మేకు తగిలి చిరిగింది" అని రాసి పెన్ను మూసేశాను.

జూన్ 9, బుధవారం

మజెల్లా హోటల్‌కే వచ్చింది.

"పెద్దమ్మా, ఒక్కటే అడుగుతా. నువ్వు రావద్దు. ఆ గుడ్డ మాత్రం వెయ్యించు. పొడుగ్గా ఒకటే బల్ల వేద్దామనుకుంటున్నాం."

"అది విడి బల్లలకి సరిపోదు, పెళ్ళిళ్ళకి పనికిరాదు, పాతబడింది" అన్నాను. మూడూ ఒకదానికొకటి పొసగవని తర్వాత తోచింది.

మజెల్లా తలుపు మూసింది.

"నీ కోపం రిజిస్ట్రారు ఆఫీసు మీద కాదు. మెర్విన్ వాళ్ళ నాన్న నిన్ను అడిగాడట కదా. ఇదే హోటల్లో. నువ్వు కాదన్నావట."

"ఎవరు చెప్పారు?"

"ఆయనే, మెర్విన్‌కి చెప్పాడు. 'ఆవిడ దేవుడికిచ్చిన మాట మీద నిలబడింది, ఆవిడ ముందు చిన్నబుచ్చేలా ఎప్పుడూ మాట్లాడకు' అన్నాడట. పెద్దమ్మా, నువ్వు కాదన్నదానికి నేను అవునంటున్నా. అదే కదా?"

"దుప్పట్లు ఎదురుచూస్తున్నాయి" అన్నాను.

"దుప్పట్లు ఎదురుచూడవు పెద్దమ్మా" అని వెళ్ళిపోయింది. ఏడ్చినట్టుంది. నేను చూడలేదు.

జూన్ 10, గురువారం

గుడ్డ బయటికి తీశాను. గాలికి ఆరబెడదామని మాత్రమే.

జూన్ 14, సోమవారం

తొమ్మిది రోజుల ప్రార్థన, నొవీనాలో మూడో రోజు. దేనికోసం ప్రార్థిస్తున్నానో ఇక్కడ రాయను. వాన కోసమైతే కాదు. మండిపోతోంది.

జూన్ 19, శనివారం

తమ్ముడు మలాకీ వచ్చాడు, ముఖం ఎర్రగా చేసుకుని.

"అక్కా, తెలిసిందా? ఆ విల్బర్ట్ గిల్పిన్ వాద్యాలవాళ్ళని కలిశాడు. పెళ్ళి భోజనం చివర రాణిగారి పాట వాయించాల్సిందేనట. అలాగైతేనే గిల్పిన్‌లు వస్తారట."

"డఫరిన్‌లో ఎప్పుడూ ఉన్నదేగా. కోట్ల కోసం..."

"జూన్‌లో కోట్లెక్కడివి? ఈ ఎండకి చొక్కాయే బరువు! అయినా ఉన్నా లేవను. నాన్న లేచి వెళ్ళేవాడు, నువ్వు కోటు అందించేదానివి. బాగుంది. ఇది నా మేనకోడలి పెళ్ళి. కోటు కోసమని నేను తప్పుకుని పోను. కూర్చుంటాను. నాతో పద్నాలుగుమంది కూర్చుంటారు."

"వాళ్ళేమంటారు?"

"అననీ. అంటే అప్పుడు లేస్తాం."

అదే నా భయం. గిల్పిన్‌లు పదహారుమంది. అందరి చేతులూ ఓడల రేవులో పనిచేసిన చేతులు. మావాళ్ళవి ఇటుకలు మోసినవి. మొన్నటికి మొన్న ఒక పెళ్ళిలో కుర్చీలు విరిగి, అబ్బాయీ అమ్మాయీ ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోయారు. ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

రాత్రి మజెల్లా అంది: "ఆ పాట దగ్గర కుర్చీ ఎగిరిందంటే, పెద్దమ్మా, మెర్విన్ ఇటు రాలేడు, నేను అటు పోలేను. మాకున్న చోటల్లా ఆ హాలే."

జూన్ 20, ఆదివారం

నేను కాదన్నది దేవుడి కోసమే. ఎవరడిగినా అదే చెబుతాను. ఎవరూ అడగలేదు.

జూన్ 25, శుక్రవారం

పొద్దున్నే వచ్చి నలభై అడుగులూ తడిపి ఇస్త్రీ చేశాను. ఆరబెట్టినది ముడతలు పడితే హోటల్‌కి మాట. హెక్టర్ గారు తలుపు దగ్గర నిలబడి, "ఎవరి కోసమండీ?" అన్నారు.

"ఎవరి కోసమూ కాదు. గుడ్డ కోసం."

"రేపు మీకు సెలవు కదా?"

"గుడ్డ పరిచేదాకా ఉంటాను. మీకు?"

"నాకూ సెలవే. మన తలుపు కొత్తవాడికి సరిగ్గా రాదు. చూసి వెళ్తాను."

ఇస్త్రీపెట్టె కింద తడి నార సుయ్యిమంది. దానికో వాసనుంటుంది, కోసిన గడ్డిలా. ఆ వాసన పీలుస్తూ ఒక మాట నాలోపల నేనే విన్నాను. మజెల్లా అవునన్నది తప్పు కాకపోతే, నేను కాదన్నది దేనికి?

రాశాను కదా. ఇంక దీని గురించి ఆలోచించను.

జూన్ 26, శనివారం

పొద్దున దివ్యపూజకి వెళ్ళి, అక్కణ్ణించి హోటల్‌కి వెళ్ళేముందు కాస్త నడిచాను. రిజిస్ట్రారు ఆఫీసు దారిలో ఉండదు గానీ, నడిస్తే ఒంటికి మంచిది. ఎదురుగా బస్టాపులో నిలబడ్డాను. హెక్టర్ గారు అప్పటికే అక్కడున్నారు, మంచి సూటులో.

"ఏ బస్సు కోసమండీ?" అన్నాను.

"వచ్చేదాని కోసం. మీరు?"

"దాని తర్వాతదాని కోసం."

మూడు బస్సులు వెళ్ళాయి. నాలుగోదాని డ్రైవరు ఆపి, "ఎక్కుతారా, ఇక్కడే కాపురం పెడతారా?" అన్నాడు. ఇద్దరం తల అడ్డంగా ఊపాం. అప్పుడే వాళ్ళు మెట్ల మీదికొచ్చారు. వాళ్ళమ్మ ఊనా పెళ్ళి బట్టలే మజెల్లా మీద. నడుం దగ్గర నేనే బిగించాను, పోయిన నెల, ఎందుకని అడక్కుండా. అది రోడ్డు ఇటువైపు చూసింది. నేను బస్సుల పట్టిక చదువుకున్నాను.

హాల్లో కిటికీలు నాలుగింటికే అద్దాలున్నాయి. మిగతావాటికి చెక్కలు. వాటి మీద పూలదండలు వేశారు. మధ్యన పొడుగు బల్ల, దాని మీద నా గుడ్డ. బల్లకి ఇటు మావాళ్ళు పదిహేనుమంది, అటు గిల్పిన్‌లు పదహారుమంది. బల్ల మొదట పిల్లలిద్దరూ. నేను సర్వర్ల తలుపు వెనక నిలబడ్డాను, గుడ్డ ఎలా ఉందో చూడ్డానికి. ఎదురు తలుపు అద్దంలోంచి హెక్టర్ గారి తెల్లజుట్టు కనబడింది. ఆయన తలుపు చూసుకుంటున్నారు.

మొదట్లో బాగానే ఉంది. విల్బర్ట్ గారు హామ్ రెండుసార్లు వేయించుకున్నారు. మలాకీ ఆయనకి ఆవ పచ్చడి అందించాడు, మొహం చూడకుండా. రెండు పక్కల ముసలమ్మలూ మోకాళ్ళ నొప్పుల దగ్గర కలిసిపోయారు. నగరం నడిబొడ్డు చుట్టూ సైనికులు కాసే గేట్లు ఆరింటికి మూస్తారు కాబట్టి అయిదింటికే ముగించాలి. కేకు అవగానే, పళ్ళేలూ గ్లాసులూ అన్నీ తీసేయమని సర్వర్లకి చెప్పాను. ఎందుకు చెప్పానో అప్పటికి నాకే తెలీదు. పూల కూజాలు మాత్రం మిగిలాయి.

వాద్యాలాయన లేచి, గొంతు సవరించుకుని, విల్బర్ట్ గారి వైపు చూశాడు.

విల్బర్ట్ గారు కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడ్డారు. పక్కన ఇంకో ఇద్దరు. ఇటు మలాకీ చేతులు కట్టుకున్నాడు. మావాళ్ళంతా కట్టుకున్నారు, ఒక్కసారే, బడిలో చెప్పినట్టు.

"లేవరా?" అన్నారు విల్బర్ట్ గారు.

"మా కాళ్ళు మా ఇష్టం" అన్నాడు మలాకీ.

"భోజనానికి మాత్రం బాగానే నడిచొచ్చాయిగా ఆ కాళ్ళు."

"మీవాటికంటే నెమ్మదిగా. మీరు హామ్ కోసం పరుగెత్తారు."

ఎవరో నవ్వారు. ఎవరో నవ్వలేదు. ఒక కుర్చీ కిర్రుమంది. మెర్విన్ లేచి, "పెదనాన్నా, వద్దు" అంటున్నాడు. మజెల్లా ఎవరి వైపూ చూడటం లేదు. గుడ్డ మీద అవిసె పువ్వొకటి వేలితో దిద్దుకుంటోంది, చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని దిద్దినట్టు.

నేను తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. బల్ల చివర నిలబడి అన్నాను:

"దయచేసి లేవండి, గుడ్డ ఎత్తుతున్నాం."

ఎవరికీ వినబడలేదు. నా గొంతు నా పక్కవాళ్ళకే వినబడదు. వాద్యాలాయన కర్ర పైకెత్తాడు.

అప్పుడు ఆ చివర తలుపు తెరుచుకుంది. ముప్ఫై ఏళ్ళు వీధి అవతలి టాక్సీల్ని పిలిచిన గొంతు అది.

"దయచేసి లేవండీ! గుడ్డ ఎత్తుతున్నాం! అంచులు పట్టుకోండీ, రెండు చేతులా! నడుం దాకా!"

ముసలమ్మలకి ఆ మాట గుర్తుంది. ఇటొకరూ అటొకరూ ఠక్కున లేచి అంచు పట్టుకున్నారు. విల్బర్ట్ గారు ఎటూ నిలబడే ఉన్నారు. చేతులకి పని దొరికితే పట్టుకోని మనిషి కాదు. అటువైపు అంచు లేచింది. పూల కూజా ఒకటి ఒరిగి, కేకు పొడితో సహా మలాకీ ఒళ్ళోకి బయల్దేరింది.

"పట్టుకోరా, పెళ్ళికి కొన్న ప్యాంటు!" అన్నాను. ఈసారి వినబడింది.

మలాకీ లేచాడు. లేచి, అంచు పట్టుకుని ఎత్తాడు. మిగతా మావాళ్ళూ లేచారు. కూజా మధ్యకి జారి నిలబడింది. ఆ క్షణాన రాణిగారి పాట మొదలైంది.

బల్లకి అటూ ఇటూ ముప్ఫై ఒక్కమంది నిలబడి ఉన్నారు, చేతుల్లో ఒకే గుడ్డ. సగంమంది రాణిగారి కోసం, సగంమంది కేకు పొడి కోసం. ఎవరు దేనికి నిలబడ్డారో అడిగే వీలు లేదు. వదిలితే పడుతుంది. విల్బర్ట్ గారు పాడుతూ, "సమానంగా ఎత్తవయ్యా, మీ వైపు వాలుతోంది" అన్నారు. "మా వైపు కాదు, మీ వైపే ఎక్కువ ఎత్తారు" అన్నాడు మలాకీ. పాట అయ్యేదాకా ఎత్తు గురించే తగువాడుకున్నారు.

మజెల్లా కూడా అంచు పట్టుకునే ఉంది. నా వైపు చూసింది. ఈసారి చదువుకోవడానికి బస్సుల పట్టిక లేదు.

"గుడ్డ కోసం వచ్చాను" అన్నాను.

"తెలుసు పెద్దమ్మా" అంది. వచ్చి నా మెడ పట్టుకుంది. దాని చెంప తడిగా, కేకు వాసనగా ఉంది. ఆ చెవిలో దీవెన చెప్పాను. ఫాదర్ కీర్నన్ గారికి తర్వాత చెప్పుకుంటాను.

అందరూ వెళ్ళాక ఇద్దరమే మిగిలాం, మడవడానికి. ఆయన ఆ చివర, నేను ఈ చివర. నలభై అడుగులంటే దూరమే. మొదటి మడతకి ఇరవై అడుగులు నడవాలి ఒక్కొక్కరు. కలిశాక నా చివర ఆయన చేతికిచ్చి వంగి మడత అందుకోవాలి, మళ్ళీ వెనక్కి. రెండోసారికి పది. మూడోసారికి అయిదు. ఒకప్పుడు అమెరికావాళ్ళ వాద్యం పై అంతస్తులో మోగుతుంటే ఇలాగే మడిచేవాళ్ళం.

దగ్గరికొచ్చినప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఆగ్నేయపు మూల. రఫ్ఫు మీద బొటనవేలు పెట్టి చూశారు.

"మేకు అని రాశారటగా. మేనేజరుగారు చూపించారు."

"మేకే కదండీ."

"మేకే" అన్నారు. రఫ్ఫు మీంచి వేలు తీసి, "ఆరోజు మీరన్నది తప్పని నేనెప్పుడూ అనుకోలేదు, డింప్నా" అన్నారు, ఇన్నేళ్ళకి నా పేరు పెట్టి.

"నేననుకున్నాను" అన్నాను.

"ఏమన్నారు? వినబడలేదు."

"మీ కొన సరిచెయ్యండి అన్నాను."

సరిచేశారు. మడత నా చేతుల్లో పెట్టారు. బయటికి చూసి, "వాన వచ్చేట్టుంది" అన్నారు. బయట ఎర్రటి ఎండ.

"రానివ్వండి" అన్నాను.

జూన్ 28, సోమవారం

చరిత్ర ఇచ్చేశాను. మేనేజరుగారు కోట్ల సంగతి కొట్టేసి, మంత్రులు బస చేసిన గదుల పట్టిక పెట్టారు. గుడ్డ పేరా మాత్రం ఉంచారు. "మేకు దాకా చదివాను, చాలా బాగుంది" అన్నారు.

మజెల్లా ఫోను చేసింది. ఆదివారం భోజనానికి నన్ను పిలిచింది, ఆయన్ని కూడా. చేప తెస్తానన్నాను.

పుస్తకంలో ఉన్నది ఉండనీ. ఇది నా కోసమే కాబట్టి ఇక్కడ రాస్తాను. ఆ గోడకి మేకు ఎప్పుడూ లేదు. ఆయన అడిగారు, నేను కాదని వెనక్కి తిరిగి పరుగెత్తాను. ఇద్దరం కొన వదల్లేదు, అంతే.